ఆరుద్ర కార్తె వచ్చినా వాన లేదు, రాత్రిళ్ళు నిద్ర లేదు. రాసుకుంటే బరువు తగ్గుతాదంటారు, ఎట్ల రాయాల?

ఎర్రనేల (అనంతపురం)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తాండా, ఓపిగ్గా చదవండి. మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె, పెండ్లయినాక అనంతపురంలోనే ఉండాం, ఒక ప్రైవేటు ఆఫీసులో డేటా ఎంట్రీ చేస్తా. ఏటా జూన్ వచ్చిందంటే నాకు గుండెదడ మొదలైతాది. పిల్లోళ్ళ ఫీజులు అప్పుడే, పుస్తకాలూ యూనిఫాం అప్పుడే, మా నాయనోళ్ళకి శెనక్కాయ విత్తనం అప్పుడే, బ్యాంకులో కుదవ పెట్టిన నా గాజులకు వడ్డీ కట్టి తిరగరాయించేది కూడా అప్పుడే. దానికితోడు మా అత్తకి షుగరు, ఎండాకాలం పోయేసరికి కాలికి ఏదో ఒక పుండు, ఆస్పత్రి. వాన పడితే సగం భయం పోతాది. పడకపోతే మా నాయన ఫోన్ చేసి "తిన్యావామ్మా" అని అడిగి ఇంకేం మాట్లాడకుండా పెట్టేస్తాడు, ఆ ఒక్క మాటతో నాకు రాత్రంతా నిద్ర పట్టదు.

ఆఫీసులో ఒకామె చెప్పింది, మనసులో ఉండేదంతా రాసుకో, తేలికైతాది అని. లాంగ్ నోట్‌బుక్ కొన్న్యా. "వాన లేదు" అని మొదటి లైన్ రాసి అట్లే కూర్చున్న్యా, తర్వాత ఏం రాయాల్నో తెలియలే. ఇంకో రాత్రి గట్టిగా పట్టుబట్టి రాస్తే ఏడుపొచ్చింది, ముందుకంటే భారమైపోయింది. ఇది నిజంగా పనిచేస్తాదా? ఎప్పుడు రాయాల, ఎంతసేపు, ఏం రాయాల? ఇట్ల రాసి బాగుపడినోళ్ళు ఉంటే చెప్పండి, పుణ్యముంటాది.

పాత అయివారు (కర్నూలు)

తల్లీ, రాసినప్పుడు ఏడుపు వచ్చిందంటే రాయడం చేతకాలేదని కాదు, అసలు సంగతి దగ్గరికి పోయినావని. దీని మీద మంచి పరిశోధన జరిగింది. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజీ ప్రొఫెసర్, శాండ్రా బీల్ కలిసి 1986లో ప్రచురించారు. కాలేజీ పిల్లల్ని వరసగా నాలుగు రాత్రులు, రోజుకు 15 నిమిషాలు తమ జీవితంలో బాగా దెబ్బతీసిన విషయం గురించి రాయమన్నారు. కొందరిని జరిగింది మాత్రమే రాయమన్నారు, కొందరిని అప్పుడు కలిగిన బాధ మాత్రమే, కొందరిని రెండూ కలిపి. రెండూ కలిపి రాసినవాళ్ళకు రాసిన వెంటనే మనసు ఇంకా పాడైంది, నీకైనట్లే. కానీ తర్వాత ఆరు నెలల్లో వాళ్ళు కాలేజీ ఆస్పత్రికి పోవడం మిగతావాళ్ళకంటే తగ్గింది.

అందుకని నేను చెప్పేది, జరిగిందీ రాయి, దానికి నీకు ఏమనిపించిందో అదీ రాయి, ఒకదాన్ని విడిచిపెట్టి ఒకటి వద్దు. ఫోన్లో 15 నిమిషాలకు అలారం పెట్టుకో, అది మోగగానే మూసెయ్. తప్పులు చూసుకోవద్దు, వత్తులు దీర్ఘాలు నేనేమీ దిద్దను. మూడు నాలుగు రోజులు రాసి ఆపెయ్, ఏడాది పొడుగునా ఏడుస్తూ రాయమని ఎవరూ చెప్పలేదు. పడుకునే ముందు మాత్రం ఈ రాత వద్దు, సాయంత్రం దీపం పెట్టే వేళకు అయిపోవాలి.

గుత్తి సేద్యం

అక్కా, తప్పుగా అనుకోవద్దు, నేను కూడా శెనక్కాయ పెట్టేవాణ్ణే కాబట్టి అడుగుతాండా. రాస్తే వాన పడ్తాదా, అప్పు తీరుతాదా? అయివారు చెప్పిండేది కాలేజీ పిల్లల సంగతి. మన బాధ మనసులో పుట్టింది కాదు, మోడంలోనూ బ్యాంకులోనూ పుట్టింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే జిల్లా మనది, అది కూడా అదనులో పడితేనే పంట. శెనక్కాయకు ఊడలు దిగే టయానికి ఇరవై రోజులు ఎండ కాసిందంటే ఏ నోట్‌బుక్కూ ఏం చేయలేదు. మనుషులకు బాధ వచ్చేది వాళ్ళ ఆలోచన సరిగ లేక అన్నట్లు ఎవరన్నా మాట్లాడితే నాకు కోపం వస్తాది, అందుకే ఈ మాట చెప్పాల్సొచ్చింది.

రాత్రి డ్యూటీ (కడప)

నేను నర్సుని. గుత్తి అన్న చెప్పిందాంట్లో న్యాయం ఉంది, రాయడం వాన కురిపించదు. కానీ అన్నా, అదే బాధ ఇద్దరికి ఉంటే ఒకరు నిద్రపోయి పొద్దున లేచి బ్యాంకుకు పోతారు, ఇంకొకరు రాత్రంతా మేలుకుని పొద్దున బీపీతో మా దగ్గరికి వస్తారు. ఆ తేడా దగ్గర రాత పనికొస్తుంది.

అయివారు చెప్పనిది ఒకటి చెప్తా. రాయడానికీ, అదే మాట తిప్పి తిప్పి నమలడానికీ తేడా ఉంది. నాలుగు రోజులు రాసినా నాలుగో రోజు పేజీలో మొదటి రోజు వాక్యాలే ఉన్నాయంటే ఆపండి, అట్లా రాస్తే గాయం గీరుకున్నట్లే. అప్పుడు పద్ధతి మార్చాలి. "నేను" అని రాయకుండా మీ పేరు పెట్టి ఎవరో ఊరి మనిషి కథ చెప్పినట్లు రాయండి, "ఆమెకు ఈ నెల ఇట్లా అయింది, ఆమె ఇది చేసింది" అని. మిషిగన్ యూనివర్సిటీలో ఈథన్ క్రాస్ అనే ఆయన దీని మీదే పనిచేశారు, తన సంగతి తాను కొంచెం దూరం నుంచి చూసినప్పుడు మనిషి అదే బాధలో మునిగిపోకుండా అర్థం చేసుకోగలుగుతాడని.

నిద్ర సంగతికొస్తే, పడుకునే ముందు బాధలు రాయొద్దు, రేపు చేయాల్సిన పనులు రాయండి. బేలర్ యూనివర్సిటీలో 2018లో 57 మందితో చేసి చూశారు, పడుకునే ముందు అయిదు నిమిషాలు రేపటి పనులు రాసినవాళ్ళు, అయిపోయిన పనులు రాసినవాళ్ళ కంటే తొందరగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత తొందరగా.

ఇంకోమాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. మీ నాయన ఫోన్ చేసి మాట్లాడకుండా పెట్టేస్తున్నాడు అన్నారు చూడండి. ఆ మాట నోట్‌బుక్‌లో రాసి ఊరుకోవద్దు. ఈ వారమే ఊరికి పొయ్యి పక్కన కూర్చొని సూటిగా అడగండి, "నాయనా, బతకాలని లేదనే ఆలోచన ఏమన్నా వస్తోందా" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని అందరూ భయపడతారు, అట్లా పుట్టదు, అడిగినందుకు మనిషికి బరువు దిగుతుంది. ఇంట్లో పురుగుల మందు డబ్బాలుంటే తాళం పడే చోట పెట్టించండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, ఇరవై నాలుగ్గంటలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ లేవు. మీకైనా, మీ నాయనకైనా.

ఎర్రనేల (అనంతపురం)

మేడం, ఆ చివరి పేరా చదివి చేతులు వణికినాయి. ఆదివారం పోతా. తప్పకుండా అడుగుతా.

గుత్తి అన్నా, నీ మాటకు నాకేం కోపం రాలేదు, మా నాయన కూడా ఇదే అంటాడు.

కోసిగి పిల్ల (ఆదోనిలో చదువు)

మా ఇంట్లో కష్టం జూన్‌లో కాదు అక్కా, దీపావళి దాటినాక. మా వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు, కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు ఊర్లకు ఊర్లే ఖాళీ అయితాయి, గుంటూరు మిరపకాయ కోతలకు కొందరు, బెంగళూరు పనులకు కొందరు. మా అమ్మా నాయన ఉగాదికి గాని తిరిగొచ్చేవాళ్ళు కాదు. నేను మా అవ్వ దగ్గర ఉండి చదువుకున్న్యా. అప్పుడు ఎవరూ నాకు రాయమని చెప్పలేదు, నేనే లెక్కల నోట్సు ఎనక పేజీల్లో మా అమ్మకి జాబులు రాసేదాన్ని. అమ్మకి చదవను రాదు, అడ్రసు కూడా లేదు, పంపేది లేదు. "అమ్మా ఈరోజు అవ్వ కొర్రన్నం చేసింది, నాకు తినబుద్ది కాలే, నువ్వు ఏం తిన్యావు, చేతులు మండుతాండాయా, రాత్రి కొబ్బరినూనె పూసుకో" అట్ల. పెద్ద బాధలు ఏమీ రాయలే, దినాము జరిగేదే. అయినా రాసినాక లెక్కలు చేసుకోను బుద్ధి పుట్టేది. "ఏం రాయాల్నో తెలియలే" అన్న్యావు కదా అక్కా, ఒక మనిషిని ఎదురుగా పెట్టుకొని రాయి, మాట దానంతట అదే వస్తాది.

ఇప్పుడు మా అమ్మ సుగ్గి నుంచి వచ్చినాక నేను ఫోన్లో వాయిస్ రికార్డు పెట్టి అడుగుతా, యాడ ఉన్నారు, మేస్త్రీ ఎట్లాటోడు, కూలి ఎంత ఇచ్చినాడు, యా రోజు బాగ ఏడుపొచ్చింది అని. ఆమె చెప్తాది, నేను టైప్ చేసి చదివి వినిపిస్తా. రాయను రానోళ్ళకి కూడా ఇది అయితాది. పోయిన ఏడు కూలి లెక్క తప్పించిన మేస్త్రీ దగ్గరికి ఈ ఏడు పోలేదు, అది రాసుకున్నందుకే గుర్తుండింది.

రెండిండ్ల కోడలు (ప్రొద్దుటూరు)

అంతా బాగుంది గానీ నాకొక అనుమానం. ఇంట్లో ఎవరన్నా చదివితే? మా ఇంట్లో బీరువాకి కూడా తాళం వేసేదానికి లేదు, నేను అత్త గురించి ఒక్క మాట రాసినా అది వారం రోజుల గొడవ. ఆ భయంతోనే నేను ఇంతవరకు పెన్ను పట్టలే.

పాత అయివారు (కర్నూలు)

అమ్మా, రాసిన కాగితం దాచుకోవాలని నియమమేమీ లేదు. రాసి చించి పొయ్యిలో పడెయ్యి. పని జరిగేది రాసేటప్పుడే, కాగితం ఉన్నా పోయినా ఒకటే. విడి తెల్లకాగితాల మీద రాయి, నోట్‌బుక్ వద్దు, చించిన ముక్క కనబడితే అదో ప్రశ్న అవుతుంది. ఫోన్లో రాస్తే మాత్రం ఎక్కడ సేవ్ అవుతుందో చూసుకో, పిల్లలు ఆటలకని ఫోన్ తీసుకుంటారు.

ఎమ్మిగనూరు అమ్మ

మా పిల్లోడు ఇంటర్. మార్చి వస్తే మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. పరీక్ష ముందు పది నిమిషాలు తన భయం కాగితం మీద రాసుకున్న పిల్లలకు మార్కులు మెరుగైనాయని 2011లో చికాగో యూనివర్సిటీవాళ్ళు సైన్స్ పత్రికలో వేసినారని మా తమ్ముడు చెప్పినాడు, వాడు బయోలజీ లెక్చరర్. మొదటి పేపర్ రోజు ఆటోలో రాయమంటే మావాడు సిగ్గుపడినాడు, రెండో పేపర్ నుంచి తనే కాగితం అడిగినాడు. మార్కుల సంగతి నేను చెప్పలేను, ఇంట్లో అరుపులు మాత్రం తగ్గినాయి.

చెయ్యేరు గట్టు (కడప)

నాది వానలేని బాధ కాదు, వాన బాధ. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు మేము చెయ్యేరు ఒడ్డున ఉండాం. ఇల్లు పోయింది, ఆవులు పోయినాయి, మనుషులు పోయినారు, దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయలేను. ఇప్పుడు కడపలో బాడుగింట్లో ఉంటాం. ప్రతి అక్టోబరు చివర నుంచి బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వినబడితే చాలు, నా ఒళ్ళు నాది కాదు.

నాకు ఎవరో మొదటి నెల్లోనే రాయమని చెప్పినారు. అప్పుడు రాయలేకపోయినా, రాయకపోవడమే మంచిదైంది అనుకుంటా. అంత పచ్చిగా ఉన్నప్పుడు మనిషికి కావాల్సింది తోడూ కూడూ పైకప్పూ, కాగితం కాదు. రెండేండ్లు పోయినాక ఒక డాక్టరమ్మ దగ్గర కూర్చొని మాట్లాడుతా మాట్లాడుతా రాసినా. ఇప్పుడు నేను చేసేది ఒకటే, అక్టోబరు రాకముందే సెప్టెంబరులో ఒక పేజీ రాసి పెట్టుకుంటా, నాకు నేనే రాసుకుండే జాబు అది. "టీవీలో అల్పపీడనం అంటారు. నీకు చేతులు చల్లబడతాయి. నువ్వు ఇప్పుడు కడపలో మిద్దె మీద ఉండావు, ఏటి ఒడ్డున లేవు. పత్రాలు కవర్లో పెట్టినావు. మీ అన్నకు ఫోన్ చెయ్యి." ఇంతే ఉంటాది. వాన పట్టిన రాత్రి అది తీసి చదువుతా. భయం పోదు, కానీ ఆ భయం నాకు కొత్త కాదని తెలుస్తాది. మన కష్టం ఏటా ఒకే కాలానికి వచ్చేదైతే అది రాకముందే రాసుకోవచ్చు కదా, నేను ఎర్రనేల చెల్లెలికి చెప్పాలనుకునింది అదే.

గుత్తి సేద్యం

చెయ్యేరు అన్న రాసింది చదివి శానాసేపు ఏం రాయలేకపోతి.

నేను ముందు అన్న మాట వెనక్కి తీసుకోను గానీ ఒక సంగతి గుర్తొచ్చింది. మా నాయన ఏడో తరగతి దాకా చదివినాడు. గోడకి తగిలించే క్యాలెండర్ మీద కార్తె కార్తెకు రాసేవాడు. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ, ఒక్కో కార్తె పదమూడు పద్నాలుగు రోజులు గదా, ఆ గడిలో యా రోజు పదునైంది (విత్తను సరిపోయే తడి), యా చేను విత్తినాం, ఎద్దుకు జబ్బు, ఎవరి దగ్గర ఎంత తెచ్చినాం, అంతా పెన్సిల్‌తో. పాత క్యాలెండర్లు పారేయకుండా చుట్టి అటక మీద పెట్టినాడు. నిన్న దించి చూస్తి. వాన లెక్కల మధ్యలో ఇట్లాంటివి ఉండాయి: "ఆశ్లేష. వాన లేదు. పాప ముఖం చూడలేకుండా ఉండా." "మఖ. రెండు పదున్లు. ఉలవలు చల్లితిమి. ఈరోజు అన్నం రుచిగా ఉండె." మా నాయన నోటెంబడి ఇట్లాంటి మాట నేను ఎప్పుడూ వినలే. అక్కా, ఇది డైరీ అని ఆయనకి తెల్దు, సేద్యం లెక్క అనుకున్నాడు.

దినామూ రాయాలంటే మనకు కాదు, పనులుంటాయి. కార్తెకు ఒక పేజీ రాయి. పద్నాలుగు దినాలకొకసారి. సేద్యం ఇంట్లో పుట్టినోళ్ళకి కాలం తిరిగేది అట్లే గదా.

ఎర్రనేల (అనంతపురం)

అన్నా ఇది నాకు బాగ నచ్చింది. పునర్వసు రేపే, అక్కడ నుంచి మొదలు పెడ్తా.

ఆదివారం ఊరికి పోయొస్తి. మా నాయన్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టి మేడం చెప్పినట్లే అడిగినా. కొంచేపు నేలకేసి చూసినాడు. "అంత దూరం పోలేదు లేమ్మా, నిద్ర మాత్రం లేదు" అన్నాడు. తర్వాత ఆయనే మాట్లాడుతా పోయినాడు, అంతసేపు మాట్లాడి ఎన్ని దినాలైందో. 14416 నంబరు అమ్మ ఫోన్లో సేవ్ చేసినా. మందు డబ్బాలు మా చిన్నాయన కొట్టంలోకి మార్చినాం, తాళంచెవి ఆయన దగ్గరే.

రాత్రి డ్యూటీ (కడప)

చాలా మంచి పని చేశారు. నిద్ర లేకపోవడం రెండు వారాలు దాటితే జిల్లా ఆస్పత్రిలో ఒకసారి చూపించండి, అది కూడా వైద్యం ఉన్న సంగతే. ఒకసారి అడిగి వదిలేయకుండా మళ్ళీ మళ్ళీ అడగండి.

ఎర్రనేల (అనంతపురం) (పుష్యమి నడుస్తాంది)

పునర్వసు పేజీ ఇక్కడ పెడ్తాండా, ఎవరికన్నా పనికొస్తాదేమో. మేడం చెప్పినట్లు "ఆమె" అని రాసినా.

"పునర్వసు. ఊర్లో ఒక పదును, విత్తను సాలదు. ఆమె పెద్దోడికి ఫీజు సగం కట్టింది. కౌంటర్లో ఉండే పిల్ల మిగతాది ఎప్పుడు అని గట్టిగా అడిగితే ఎనక నిలబడిండే వాళ్ళందరూ చూసినారు, ఆమెకి చెవులు వేడెక్కినాయి. ఆ సిగ్గు ఇంటికొచ్చినాక పిల్లోడి మీద కోపంగా మారింది, వాడు పెన్సిల్ పోగొట్టినాడని కొట్టింది. అత్త కాలు కడిగి కట్టు కట్టింది. పుండు మానుతాంది. అత్త ఆమె చెయ్యి పట్టుకొని ఏమో అనబోయి ఊరుకునింది. గాజుల వడ్డీ ఈ నెలాఖరు. ఆమెకు వాన అంటే ఉండే భయం కంటే ఈ నెలాఖరు అంటే ఉండే భయం పెద్దది."

చివరి లైన్ రాసేదాకా నాకది తెలీదు. నేను ఇన్నాళ్ళూ వాన కోసమే నిద్ర పోలేదనుకున్న్యా. మళ్ళీ చదివితే ఇంకోటి కనపడింది, ఫీజు, విత్తనం, గాజుల వడ్డీ మూడూ ఒకే కాలంలో ఎందుకు పడ్తాండాయి? వాన నా చేతిలో లేదు, ఫీజు తేదీ నా చేతిలో లేదు, గాజుల తేదీ నా చేతిలో ఉందేమో కదా?

గుత్తి సేద్యం

ఉంది అక్కా. గాజులు ఏ తేదీన కుదవ పెడితే ఏడాదికి ఆ తేదీకే గడువు వస్తాది. గడువు దాకా ఆగాలని లేదు, ముందే వడ్డీ కట్టి తిరగరాయించుకుంటే కొత్త గడువు ఆ రోజు నుంచి లెక్క. ఈసారి ఎట్లోకట్ల గట్టెక్కి, డిసెంబరులో పంట డబ్బులో, మీ జీతంలో బోనసో వచ్చినప్పుడు ఇంకోసారి మార్పించు, వచ్చే ఏడు ఈ కాలంలో ఆ ఒక్కటి ఉండదు. బ్యాంకు బ్యాంకుకూ రూల్ కొంచెం వేరుగా ఉంటాది, కౌంటర్లో అడుగు, చార్జీ ఏమన్నా పడ్తాదేమో కూడా అడుగు.

పాత అయివారు (కర్నూలు)

తల్లీ, పేజీ బాగుంది. పిల్లవాణ్ణి కొట్టిన చోట ఒక్క క్షణం ఆగి, సిగ్గు కోపంగా మారింది అని రాసినావు చూడు, అక్కడ నీ మనసు నీకు దొరికింది. ఆ వాక్యం కింద గీత గీసుకో. మీ అత్త ఏమో అనబోయి ఊరుకుంది అన్నావు, అదేమిటో వీలు చూసి అడుగు.

రెండిండ్ల కోడలు (ప్రొద్దుటూరు)

నేను కూడా రాసినా అయివారూ. తెల్లకాగితం మీద, రాసి పొయ్యిలో వేసినా. అత్త గురించి రాద్దామని కూర్చుంటే మా అమ్మ గురించి వచ్చింది. ఇంకా మూడు దినాలు రాస్తా.

ఎర్రనేల (అనంతపురం)

అడిగినా అయివారూ. "నా మందుల డబ్బు కూడా నీ మీదే పడె" అనింది. ఆమె పింఛను డబ్బు ఇంతవరకు మా ఆడబిడ్డకి ఇస్తాండె, ఈ నెల నుంచి మందులకు తనే పెట్టుకుంటానంది. నేను వద్దనలే.

గుత్తి అన్నా, ఇంకొక మాట. ఆశ్లేష దాటినా మా ఊర్లో సరైన పదును కాకపోతే నాయన్ని ఏం చేయమనాల? ఆయన శెనక్కాయ తప్ప ఇంకేదీ విత్తనంటాడు. నేను ఆయన చెప్పే మాటలు ఫోన్లో విని కార్తె పేజీలో రాస్తాండా, పోయిన ఏండ్లు ఏం చేసినాడో కూడా అడిగి రాస్తాండా.

గుత్తి సేద్యం

జూలై దాటినాక శెనక్కాయ విత్తితే కాయ నిండేటప్పటికి తేమ ఉండదు, ఖర్చు కూడా రాదు. మఖలో గాని పుబ్బలో గాని పదునైతే ఉలవలు, జొన్న, పశువుల మేతకైనా ఏదో ఒకటి చల్లమను, నేల బీడు పెట్టొద్దు. వానలు రాని ఏడు ఆగస్టులో ఉలవలు, అలసంద లాంటి విత్తనాలు సబ్సిడీ మీద ఇస్తారు, మీ ఊరి రైతు సేవా కేంద్రంలో పేరు రాయించమను, ఆధారూ పాస్‌బుక్కూ తీసుకొని పోవల్ల. ఏ పంట పెట్టినా సర్కారు పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో ఎక్కించేది మరిచిపోవద్దు, ఇన్సూరెన్సుకూ నష్టపరిహారానికీ అది కావల్ల. శెనక్కాయ తప్ప విత్తను అంటే ఆయన చెప్పిన పాత ఏండ్ల లెక్కే ఆయనకి చదివి వినిపించు, మఖలో ఉలవలు చల్లిన ఏడు ఒకటన్నా ఉంటాది.